గసాల పాయసం కాచిన మా చిన్నాయన

పుష్యమాసపు చలి ఇంకా వదలని ఒక ఉదయం, కర్నూలులో నేను పాఠాలు చెప్పే కాలేజీకి బయలుదేరుతుండగా ఎర్రగుంట్ల నుంచి ఫోను వచ్చింది. చిన్నమ్మ గొంతు. ఆమె గొంతు కొన్నేళ్లుగా బొంగురే గనక అందులో ఏడుపు ఉన్నదో లేదో వెంటనే పోల్చుకోలేకపోయాను.

"పాపా, మీ చిన్నాయన లేయలేదమ్మా. ఎండకు కుర్చీ ఏసుకోని కూచున్న్యాడు. కునుకు తీస్తాండాడనుకున్న్యా. పిలిస్తే పలకలేదు" అన్నది.

నా చేతిలోని పుస్తకాలు జారి కింద పడ్డాయి. మా కుటుంబానికి పెద్దదిక్కు, ఎర్రగుంట్ల లారీవాళ్లందరికీ "రెడ్డన్న", మా నాన్న పోయిన తరువాత నాకు చదువు చెప్పించి పెళ్లి చేసిన పితృతుల్యుడు ఓబుళరెడ్డి గారు ఇక లేరన్న మాట నా చెవిలో పడింది కాని మనసులోకి దిగలేదు. ముందురోజు సాయంత్రమే నాతో ఫోనులో మాట్లాడినాడు. సంక్రాంతి సెలవులు అయిపోయినాయి కదా, పిల్లకాయలు కాలేజీకి వస్తాండారా లేదా అని విచారించినాడు.

ఎర్రగుంట్లకు పోతున్న దారి పొడుగునా దుఃఖంతో పాటు మరొక భావం కూడా నన్ను ఆవరించింది. దాన్ని దాచుకోవడం నాకు చేతకాదు. అది ఊరట. ఆయన మంచాన పడలేదు. ఎవరి చేతా ఎత్తి కూర్చోబెట్టించుకోలేదు. ఉదయపుటెండలో కాళ్లు చాపుకొని, కడుపు నిండుగా, భార్య కళ్లముందే కన్నుమూసినాడు. అన్నిటికంటే ముఖ్యం, ఆయన కళ్లముందు ఆ భార్య ఆరోగ్యంగా ఉంది. ఈ ఊరట ఎంత విలువైనదో తెలియాలంటే ఆయన కాచిన పాయసం సంగతి చెప్పాలి.

కోడుమూరు దగ్గర మెట్ట పొలాలు మావి. వానలు సరిగా పడని రోజుల్లో చిన్నాయన సేద్యం అన్నకు వదిలి, ఎర్రగుంట్ల సిమెంటు ఫ్యాక్టరీల దగ్గర లారీ డ్రైవరుగా చేరినాడు. తరువాత సొంత లారీ కొన్నాడు. ఆ తరువాత ఇంకొన్ని. మనిషి ఆజానుబాహువు. గొంతు విప్పితే వీధి చివరి దాకా వినపడేది. కాటా దగ్గర సిమెంటు లోడు తూకంలో తేడా వచ్చిందని అక్కడి గుమాస్తాతో పడిన గొడవ గురించి ఎర్రగుంట్లలో చాలాకాలం చెప్పుకున్నారు. ఆ గుమాస్తా, ఆయన ఆ పైన ఎదురుపడినా మొహాలు తిప్పుకొని పోయేవాళ్లు. కోపం వస్తే ఆయనకు ఎదురు నిలిచేవాళ్లు లేరు. ఒక్క మా చిన్నమ్మ రామతులశమ్మ తప్ప. ఆమె గొంతు పెంచేది కాదు. "సాలు గానీ కూచో" అనేది. ఆయన కూర్చునేవాడు.

వంటిల్లు మాత్రం ఆయనకు పరాయి దేశం. ఒకసారి చిన్నమ్మ బంధువుల ఇంట పెళ్లికి పోతూ, అన్నం వండి మూతపెట్టి పోయింది. సాయంత్రం వచ్చి చూస్తే అన్నం అట్లే ఉంది. ఎందుకు తినలేదంటే, "గిన్నె యాడ పెట్టినావో నాకేం తెలుసు? హోటల్లో తిన్న్యా" అన్నాడట. గిన్నె పొయ్యి మీదే ఉంది. వాళ్లకు పిల్లలు లేరు. ఇంట్లో ఉన్నది ఇద్దరే. ఆయన బయటి లోకమంతా చూసుకుంటే, ఆమె ఆయన్ను చూసుకునేది. ఆ ఏర్పాటు ఎన్నటికీ మారదనే మేమందరం అనుకున్నాం.

చిన్నమ్మకు గొంతులో గడ్డ తేలింది. కర్నూలులో ఒక ఆసుపత్రిలో చూపించాం. గడ్డ చెడ్డదేనని చెప్పినారు. వారాల తరబడి రేడియేషను, మా వాళ్ల మాటల్లో కరెంటు, పెట్టినారు. మా ఇంట్లోనే ఉండి ఆమె ఆ చికిత్స చేయించుకుంది. జబ్బు కంటే చికిత్సే ఆమెను కుంగదీసింది. గొంతు లోపలంతా కాలిపోయినట్లయింది. నోటికి రుచి పోయింది. ఉప్పు తగిలితే మంట, కారం తలచుకుంటేనే మంట. మంచినీళ్లు మింగాలన్నా కళ్లు మూసుకొని, చీర కొంగు పిడికిట్లో బిగించేది. చికిత్స ముగించుకొని ఎర్రగుంట్లకు చేరేసరికి కార్తీకం వెళ్లి చలి మొదలైంది. రెండు కంబళ్లు కప్పినా ఆమె వణుకు తగ్గేది కాదు. ఒంట్లో కండ లేదు, వేడి ఎక్కడి నుంచి వస్తుంది?

కర్నూలు డాక్టరమ్మ మంచి మనిషి. దాపరికం లేకుండా చెప్పింది. "ఏదో ఒకటి నోటితోనే లోపలికి పోవాలమ్మా. బరువు ఇంకా తగ్గితే ముక్కులో నుంచి గొట్టం వేయక తప్పదు. వచ్చే నెల చూద్దాం" అన్నది.

చిన్నమ్మ జబ్బుకు భయపడలేదు గాని ఆ గొట్టానికి భయపడింది. వాళ్లమ్మ చివరి రోజుల్లో అట్లాంటి గొట్టంతోనే పడుకొని మళ్లీ లేవలేదు. "గొట్టం పెట్టినారంటే నేనింగ లేయను. నాకు తెలుసు" అని గోడ వైపు తిరిగి పడుకుంది.

సెలవు పెట్టి వచ్చిన నేను రాగిజావ కాచినాను. గొంతులో పట్టుకుంటోందన్నది. పాలు ఇస్తే వాసన పడలేదు. పండ్లరసం నిప్పు పోసినట్లుందన్నది. ఒకరోజు పొద్దున ఆమె కంబళి లోపలి నుంచే మెల్లగా ఒక మాట అన్నది. "చిన్నప్పుడు జొరమొచ్చి ఏమీ తినకుంటే మాయమ్మ గసాల పాయసం కాచి పోస్తాండె. అదైతే దిగుతాదేమో."

గసగసాలను మా వైపు గసాలంటారు. నేను లేచే లోపల చిన్నాయన చెప్పులు వేసుకున్నాడు. ఆ వీధి మొదట్లో రత్నమ్మ చిల్లర కొట్టు ఉంది. ఆమెది రాయచోటి కోమట్ల ఇల్లు. పెళ్లయి ఎర్రగుంట్లకు వచ్చినప్పటి నుంచి ఆ కొట్టే ఆమె లోకం. వెంట నేనూ పోయినాను.

"శెట్టెమ్మా, గసాలు కావల్ల" అన్నాడు చిన్నాయన.

"ఇస్తా గానీ, తులశక్క లేయలేకపోతాండాది గదా. ఎవురు చేస్తారు?"

"నేనే."

రత్నమ్మ నవ్వబోయి ఆయన మొహం చూసి ఆపుకుంది. గల్లాపెట్టె ముందు నుంచి లేచి వచ్చి, గుమ్మంలో నిలబడి పద్ధతంతా చెప్పింది. గసాలూ పిడికెడు బియ్యమూ వేణ్నీళ్లలో నానబెట్టాలి. పచ్చికొబ్బరితో కలిపి మెత్తగా రుబ్బాలి. బెల్లం విడిగా కరిగించి గుడ్డలో వడకట్టాలి. "బెల్లంలో మన్నుంటాది. ఆయక్క గొంతుకు సన్న రవ్వ తగిలినా మండుతాది" అని ఆ మాట రెండుసార్లు చెప్పింది. బెల్లపు నీళ్లు తెర్లేటప్పుడు రుబ్బిన పిండి పోసి, గరిటె ఆపకుండా సన్నసెగ మీద తిప్పాలి. దించినాక యాలకుల పొడి, చలికి చిటికెడు శొంఠి. పాలు పోయాలంటే అన్నిటికంటే చివర, ఆరినాకే పోయాలి, లేకుంటే విరిగిపోతాయి. చిన్నాయన లోడు వివరాలు విన్నట్లు శ్రద్ధగా విన్నాడు.

"నేను చేస్తాను చిన్నాయనా" అన్నాను.

"నువ్వు ఆదివారం పోతావు. ఆయమ్మకు సోమవారం కూడా ఆకలైతాది గదా" అన్నాడు.

మొదటిసారి గరిటె తిప్పుతూ ఉండగా ఫోను మోగింది. మాట్లాడి వచ్చేసరికి పాయసం అడుగంటింది. మాడు వాసన చిన్నమ్మ మంచం దాకా పోయింది. రెండోసారి అడుగంటలేదు. కానీ మిక్సీలో గసాలు పూర్తిగా నలగలేదు. ఒక చెంచా నోట్లో పోసుకోగానే చిన్నమ్మకు పొరపోయింది. దగ్గి దగ్గి ఆమె కళ్లు నీళ్లు కారినాయి. చిన్నాయన పాత్ర తీసుకుపోయి పెరట్లోకి విసిరేసినాడు. ఇంటి గోడలు అదిరినాయి. కాసేపటికి తొట్టి దగ్గర చప్పుడు వినపడితే పోయి చూసినాను. విసిరేసిన పాత్రను ఆయనే వెదికి తెచ్చి, కూర్చొని బూడిదతో తోముతున్నాడు.

మర్నాడు తెల్లవారుతుండగానే పెరట్లో పాత రుబ్బురోలు కడిగినాడు. ఆ భారీ మనిషి రోలు ముందు పీట వేసుకొని, మోకాళ్లు ఇమడక అవస్థ పడుతూ, పొత్రం తిప్పడం మొదలుపెట్టినాడు. చలికి నోట్లోంచి పొగలు వస్తున్నాయి. అప్పుడే ఆయన డ్రైవరు మౌలాలి బండి ఎటు పంపాలో అడగడానికి వచ్చి పెరటి వాకిట్లో నిలబడిపోయినాడు.

"అన్నా... బండి యాటికి పోవల్ల?"

"మద్రాసుకు లోడుండాది, పో. ఈడ నిలబడి సూడాకప్పా, నేను మాటల్లో పడితే గసాలు నలక్క పలుకు మిగుల్తాది."

మౌలాలి పోలేదు. కాసేపు చూసి, "నీళ్లు శానా పోసినావన్నా. కొంచెం గట్టిగుంటేనే మెదుగుతాది. మా యింట్లో పురుడు పోసుకున్నోళ్లకు హరీరా అని జావ చేస్తారు, బాదంపప్పు అట్లే రుబ్బుతాది మాయమ్మ" అన్నాడు. చిన్నాయన నీళ్లు తగ్గించినాడు. గంధంలాగా మెదిగిందాకా లేవలేదు. తరువాత పల్చటి పంచె గుడ్డలో పోసి పిండినాడు. మళ్లీ ఇంకో మడతలో పోసి పిండినాడు.

పాయసం పల్చగా, లేత బెల్లం రంగులో వచ్చింది. గోరువెచ్చగా ఆరబెట్టి గిన్నెలో తెచ్చినాడు. మంచం పట్టె మీద కూర్చొని చెంచాతో పోసినాడు. చిన్నమ్మ నోట్లోనే చాలాసేపు ఉంచుకుంది. కళ్లు మూసుకుంది. ఆయన చూపు ఆమె గొంతు మీదే ఉంది. గొంతు కదిలింది.

"దిగిందా?" అన్నాడు.

"దిగింది."

"మండిందా?"

"లేదబ్బా. ఎచ్చగుండాది. ఇంగో చెంచా పొయ్యి."

గిన్నెలో సగం తాగింది. మిగతా సగం నా చేతికిచ్చి చిన్నాయన గబగబా వీధిలోకి పోయినాడు. లారీ ఇంకా ఎందుకు కదల్లేదని మౌలాలి మీద కేకలు వేయడం వినపడింది. ఆ కేకలకు మౌలాలి బెదరలేదు. "పోతాండాన్నా, పోతాండా" అని నవ్వుతూ బండెక్కినాడు.

ఆ రోజు నుంచి పొద్దునా, మధ్యాహ్నం, సాయంత్రం ఆ ఇంట్లో రోలు తిరిగింది. పగలు పాయసంలో పెసరపప్పు ఉడకబెట్టి, మెత్తగా చేసి, వడకట్టి కలిపేవాడు. సాయంత్రం ఉత్త గసాలదే, బాగా నిద్ర పట్టాలని. నెయ్యి చుక్క చుక్కగా పెంచుతూ వచ్చినాడు. చిన్నమ్మ వణుకు తగ్గింది. కంబళి ఒకటి తీసేసింది. అయినా డాక్టరమ్మ చెప్పిన రోజు దగ్గర పడేకొద్దీ ఇద్దరూ క్యాలెండరు కేసి చూడడం మానేసినారు. కర్నూలుకు వచ్చిన రోజు ఆసుపత్రిలో బరువు చూసే యంత్రం మీద చిన్నమ్మను నిలబెట్టి, చిన్నాయన కిటికీ వైపు తిరిగి నిలబడినాడు. పెద్ద పెద్ద లోడ్ల తూకం కళ్లెర్రజేసి చూసిన మనిషి ఆ చిన్న ముల్లును చూడలేకపోయినాడు.

"తగ్గలేదు. కొంచెం పెరిగింది కూడా. గొట్టం అవసరం లేదు" అన్నది డాక్టరమ్మ.

"ఇంగోసారి చెప్పమ్మా."

ఆమె నవ్వి మళ్లీ చెప్పింది. ఏం పెడుతున్నారని అడిగి, విని, అదే కొనసాగించమని, గుడ్డు తెల్లసొన కూడా మెల్లగా మొదలుపెట్టమని చెప్పింది. నన్నూ వెంటబెట్టుకొని ఇంటికి తిరిగి పోతూ నంద్యాల దాటినాక చిన్నాయన కారు ఆపించి ఒక హోటల్లో భోజనానికి కూర్చున్నాడు. తల వంచుకొని, వడ్డించేవాడు అలసిపోయేదాకా తిన్నాడు. అప్పుడు గమనించినాను, ఆయన చొక్కా భుజాల దగ్గర ఎంత వదులైపోయిందో. ఆ నెలంతా ఆయన కూడా సరిగా తినలేదు. చిన్నమ్మ అది చూసి, "ఈయన తిన్న్యాడు, నాకు సాలు" అని నా చెవిలో అన్నది.

ఆ తరువాతి పరీక్షల్లో జబ్బు జాడ కనపడలేదు. ఏళ్లు గడిచినా కనపడలేదు. గొంతు బొంగురు మిగిలింది, అంతే. చిన్నమ్మ మెల్లగా మెత్తటి అన్నానికీ, తరువాత సంగటికీ, చివరికి చెనిక్కాయల ఊరిమిండి పచ్చడికీ వచ్చింది. కారం తిని కళ్లు తుడుచుకున్న రోజు ఇంట్లో పండగ.

కానీ చిన్నాయన రోలు వదలలేదు. చలికాలం వస్తే లారీ ఆఫీసులో తెల్లవారుజామునే డేక్సా నిండా పాయసం సిద్ధంగా ఉండేది. డ్రైవర్లకు గసాలది పోసేవాడు కాదు. "అది తాగి స్టీరింగు పట్టుకుంటే నిద్రొస్తాది. మీకు కొర్రలు, బెల్లం, శొంఠి, మిరియాలు. తాగి పోండి" అనేవాడు. ఎవరైనా వద్దంటే, "కడుపులో ఎచ్చగా లేనోడు రోడ్డు మీద అందరి మీదా కోపం సూపిస్తాడు. నాకు తెలుసు, నేను అట్లాంటోన్నే" అని నవ్వేవాడు. తన కోపం గురించి తానే నవ్వుకునే ఆ గుణం ఆయనకు ఆ పాయసంతోనే వచ్చిందని నా నమ్మకం.

ఒక చలికాలం ఆయనకొక కబురు తెలిసింది. తాను గొడవపడిన ఆ కాటా గుమాస్తా భార్యకు కూడా గొంతులో కరెంటు పెట్టినారనీ, ఏమీ మింగలేకపోతోందనీ. మర్నాడు పొద్దున్నే పాయసం గిన్నె పట్టుకొని వాళ్లింటి తలుపు తట్టినాడు. ఎదురుగా ఈయన్ను చూసి గుమాస్తా బిత్తరపోయినాడు.

"లోపలికి రానీప్పా. తూకం గురించి కాదు. ఆరిపోతాది, చెంచా తే" అన్నాడట.

ఆ ఇంటికి ఎన్నాళ్లు పోయినాడో మాకు తెలియదు. ఆయన చెప్పలేదు. ఆమె కోలుకొని, చిన్నాయన పార్థివదేహం దగ్గరికి నడిచి వచ్చి, కాళ్లు పట్టుకొని ఏడ్చినప్పుడు మాకు ఈ కథంతా తెలిసింది. ఆ గుమాస్తా పాడె మోసినాడు.

ఈ ఏడు చలి మొదలయ్యేటప్పటికి ఆయన గుండె బలహీనంగా ఉందని తేలింది. ఆ సంగతి నాకొక్కదానికే చెప్పినాడు. "నాకు పోతానని భయం లేదు పాపా. నేను పోతే ఆయమ్మ మల్లా తిండి మానేస్తాదేమో. అదొక్కటే నా గుబులు" అన్నాడు. ఆ గుబులు ఆయన మాటలతో తీర్చుకోలేదు, పనితో తీర్చుకున్నాడు. ఈ చలికాలం చిన్నమ్మకు తాను పాయసం కాచడం మానేసినాడు. ఆమెనే రోలు ముందు కూర్చోబెట్టినాడు.

"ఇన్నేళ్లు పోసి ఇప్పుడేం మాయరోగం నీకు?" అని ఆమె విసుక్కుంటే, "నా చెయ్యి నొస్తాంది. నువ్వు చేస్తే నాకూ కొంచెం పొయ్యి" అనేవాడు. చెయ్యి నొప్పి అబద్ధం. ఆమె కాచింది. తాగి, ఆయనకూ పోసింది. చివరి ఉదయం ఆయన ఎండలో కూర్చునే ముందు తాగింది కూడా ఆమె చేతి పాయసమే.

అంత్యక్రియలు ముగిసి, స్నానాలయ్యాక, పొయ్యి వెలిగించని ఆ ఇంటికి రత్నమ్మ అన్నమూ పప్పూ చారూ మోసుకొచ్చింది. ఆడవాళ్లమంతా ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. చిన్నమ్మను ఎట్లా బతిమాలాలో, ఎవరు బతిమాలాలో మాకు తెలియలేదు. పస్తు ఆ శరీరానికి పడదు. చిన్నమ్మ లేచి, మొహం కడుక్కొని వచ్చి, గోడకానుకొని కూర్చున్నది.

"రత్నమ్మా, నాకూ పెట్టు" అన్నది.

రత్నమ్మ వడ్డించింది. చిన్నమ్మ అన్నం కలుపుకొని ముద్ద నోట్లో పెట్టుకుంది. కన్నీళ్లు కారుతూనే ఉన్నాయి, నోరు నములుతూనే ఉంది. మా దూరపు బంధువు ఒకామె ఆశ్చర్యం ఆపుకోలేక, "తింటాండావా తులశమ్మా?" అన్నది.

"తినల్ల గదక్కా. అంత కష్టపడి నిలబెట్టినాడు మనిషి. నేనీ పొద్దు పడిపోతే ఆయప్ప చేసిందంతా యాడికి పోతాది?" అని ఇంకో ముద్ద కలుపుకుంది.

నేనూ విస్తరి వేసుకొని ఆమె పక్కన కూర్చున్నాను. ఆ ఇంట్లో ఆ పూట ఎవరమూ సిగ్గుపడకుండా తిన్నాం.

ఐశ్వర్యమూ పదవీ సంపాదించి కీర్తిశేషులైనవాళ్లు మా జిల్లాల్లో చాలామంది ఉన్నారు. ఒక మనిషిని చెంచా చెంచాగా మృత్యుముఖం నుంచి వెనక్కు తెచ్చుకొని, తాను లేకున్నా ఆమె తన కాళ్ల మీద నిలబడేటట్లు చేసి, ఆ తరువాతనే కన్నుమూసినవాణ్ణి నేను ఈయన్నొక్కణ్ణే చూసినాను. ఆ పుణ్యమూర్తి దివ్యస్మృతికి నా సాష్టాంగ ప్రణామం. ఆయన స్థానం పూరించగలవాళ్లు మా వంశంలో లేరు, ఆ ఊళ్లోనూ లేరు.

చిన్నాయనా, నువ్వు గుబులు పడినట్లు ఏమీ కాలేదు. చిన్నమ్మ తింటాంది. మాకే, నువ్వు లేవు.